కాలేజీలో కళాచరిత్ర, డ్రాయింగ్ చెప్పడానికి ఏ డిజిటల్ టూల్స్ కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జిల్లా కేంద్రంలో ఒక కాలేజీలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పిల్లలకు కళాచరిత్ర, డ్రాయింగ్ చెప్పడానికి కొత్తగా చేరారు. గదిలో ఒక ప్రొజెక్టర్ ఉంది. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. నలభైమంది పిల్లల్లో దాదాపు అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉంది. "డిజిటల్‌గా చెప్పండి" అని మేనేజ్‌మెంట్ అంటోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనమని రాయాలి, ఏ వెబ్‌సైట్లు వాడాలి, పిల్లలు ఏఐతో రాసుకొస్తున్న అసైన్‌మెంట్లను ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ ఏడాది ఏ సాఫ్ట్‌వేరూ కొనమని రాయకండి. ఉన్న ప్రొజెక్టర్, పిల్లల ఫోన్లు, ఉచితంగా దొరికే పెద్ద సైజు ఫొటోలు చాలు. ఎంతో కొంత డబ్బు ఇస్తామంటే కిటికీలకు మందపాటి నల్ల కర్టెన్లు వేయించమనండి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గంటలో అరవై బొమ్మలు చూపించే పద్ధతి వదిలేయండి. ఒకటి, మహా అయితే రెండు బొమ్మలు చాలు. డిజిటల్ బలమల్లా రెండు పనుల్లోనే ఉంది: ఎంతో దగ్గరగా చూడటం, ఎక్కడెక్కడో ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి చూడటం. అది ఇవ్వలేనివి మూడు: సైజు, రంగు, వస్తువు ఉపరితలం. ఆ మూడూ మీరు చేత్తో అందించాలి.

నేను పాఠాలు మొదలుపెట్టినప్పుడు స్లైడ్ ప్రొజెక్టరే ఉండేది. కాలేజీ మొత్తానికి మూడు పెట్టెల స్లైడ్లు. ఉన్నవే తక్కువ కాబట్టి ఒక్కో బొమ్మ మీద పదేసి నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. కొడాక్ కంపెనీ 2004లో ఆ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది. కొన్నాళ్లకు మాకు కంప్యూటర్ ప్రొజెక్టర్ వచ్చింది. ఆ ఉత్సాహంలో ఇటలీ రినైసాన్స్ క్లాసు ఒక్కదానికే తొంభై బొమ్మలు పెట్టాను. సెమిస్టర్ చివర ఒక చిత్రం చూపించి "మీకు కనిపించింది రాయండి" అంటే, సగానికి పైగా పిల్లలు చిత్రకారుడి పేరూ సంవత్సరమూ రాసి ఆపేశారు. బొమ్మలో ఏముందో ఒక్క వాక్యం లేదు. తప్పు వాళ్లది కాదు. చూడటానికి నేనే టైమ్ ఇవ్వలేదు. నా పద్ధతి మారింది అప్పటినుంచే.

ఒక్క బొమ్మతో గంట ఎలా గడుస్తుంది?

నేను ప్రతి ఏడాదీ మొదటి క్లాసుకు తీసుకునేది అమరావతి బౌద్ధ స్తూపానికి చెందిన శిల్ప ఫలకం ఒకటి. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సున్నపురాయి. దాని ప్రత్యేకత ఏమిటంటే రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపుది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం పని. అదే రాయిని తిప్పి, రెండో వైపు క్రీస్తుశకం 3వ శతాబ్దంలో మళ్లీ చెక్కారు. మొదటి వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. రెండో వైపు నిండుగా అలంకరించిన స్తూపం, ప్రాకారం, సింహాలు, ద్వారానికి ఎదురుగా స్తూపం దగ్గర వరసగా నిలిపే అయిదు ఆయక స్తంభాలు. మ్యూజియం వెబ్‌సైట్‌లో రెండు వైపుల ఫొటోలూ దొరుకుతాయి.

క్లాసు ఇలా నడుస్తుంది. లైట్లు తీసేస్తాను. మొదటి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, నాతో సహా. తర్వాత పది నిమిషాలు నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీయాలి. అందంగా అక్కర్లేదు, ఏది ఎక్కడ ఉందో తెలిస్తే చాలు. ఆ తర్వాతే జూమ్. మౌస్ నేను పట్టుకోను, ఒక స్టూడెంట్‌కి ఇస్తాను. మిగతావాళ్లు "ఎడమకి", "ఇంకాస్త కిందికి", "అక్కడ ఆపు" అని చెప్తూ ఉంటారు. నలభైమంది కళ్లూ ఒకేచోట నిలవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు.

ఒక ఏడాది ఒకమ్మాయి వెనక బెంచీనుంచి అడిగింది: "సార్, అందరూ దండం పెడుతున్నారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరికి పెడుతున్నారు?" ఆ రోజు పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా చెట్టు, ఆసనం, పాదాలు, చక్రం వంటి గుర్తులతో చూపించడం, తర్వాత కాలంలో అదే అమరావతిలో మనిషి రూపంలోనే చెక్కడం, ఈ మార్పు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రెండో వైపు ఫొటో తెరిచి పక్కన పెట్టాను. ఒకే రాయి మీద మూడు శతాబ్దాల తేడా వాళ్లే వెతుక్కున్నారు. శిల్పం మరీ లోతుగా చెక్కడం, ఖాళీ జాగా వదలకపోవడం, మనుషుల నడుములు సన్నగా సాగడం, ఇవన్నీ వాళ్ల నోటినుంచే వచ్చాయి.

ఇక్కడే పక్కపక్కన పెట్టడమన్న రెండో బలం పనికొస్తుంది. అమరావతి రాళ్లు ఒక్కచోట లేవు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో ఆ స్తూపం శిథిలాల దిబ్బను చూశాడు. 1816లో మళ్లీ వచ్చాక అతని మనుషులు ఆ శిల్పాల్ని ఒక్కొక్కటిగా కాగితం మీద గీశారు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండన్‌కు వెళ్లింది, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. మిగతావి చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో, అమరావతి మ్యూజియంలో, ఇంకా కొన్ని వేరే చోట్ల ఉన్నాయి. మన పిల్లలు మన నేల శిల్పాన్ని చూడాలంటే కనీసం మూడు ఊళ్లు, అందులో ఒకటి సముద్రం అవతల. తెర మీద మాత్రం ఒకే గంటలో మూడూ చూడొచ్చు. మెకంజీ కాలపు డ్రాయింగ్ ఒకటి ఇచ్చి, "ఈ రాయి ఇప్పుడు ఎక్కడుంది, అప్పుడున్న ఏ ముక్క ఇప్పుడు లేదు?" అని అడగండి. నలుగురేసి పిల్లలకు ఒక్కో డ్రాయింగ్. కొన్ని రాళ్లు దొరకనే దొరకవు. కాగితం మీద మిగిలి, రాయిగా పోయినవి ఉన్నాయని తెలిసినప్పుడు క్లాసులో వచ్చే నిశ్శబ్దం నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఫొటో కూడా ఒక నకలే

దీన్ని మొదటి సెమిస్టర్‌లోనే చెప్పెయ్యండి. తెర మీద కనిపించేది చిత్రమే అనుకుంటే తర్వాత పాఠాలన్నీ దారి తప్పుతాయి. దీనికి నేను వాడే ఉదాహరణ అజంతా. అది ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి మన చరిత్రలోదే.

అజంతా బొమ్మల నకళ్ల కథ ఒక పాఠం కాదు, నాలుగు పాఠాలు. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి 1840లనుంచి ఏళ్ల తరబడి తైలవర్ణాల్లో పెద్ద పెద్ద నకళ్లు వేశాడు. వాటిలో చాలాభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత జాన్ గ్రిఫిత్స్ బొంబాయి ఆర్ట్ స్కూల్ విద్యార్థులతో 1872 మొదలు పదమూడేళ్లు మళ్లీ వేయించాడు. వాటిలోనూ కొన్ని 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. 1909, 1911 మధ్య ఇంగ్లండ్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ బృందం వచ్చింది, అందులో బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ ఉన్నాడు. ఆపైన హైదరాబాద్ ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున గులాం యాజ్దానీ 1930నుంచి నాలుగు సంపుటాలు తెచ్చాడు. మధ్యలో నిజాం ప్రభుత్వం ఇటలీనుంచి సెకోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణుల్ని పిలిపించి బొమ్మల్ని భద్రపరిచే పని చేయించింది. అప్పుడు పూసిన లక్క పూత కాలం గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరిగింది. అంటే ఇవాళ ఫొటోలో కనిపించే ఆ వెచ్చటి పసుపుదనం అంతా చిత్రకారుడిది కాదు.

గ్రిఫిత్స్ బృందం నకళ్లలో మిగిలినవి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఒకటో గుహలోని పద్మపాణి బోధిసత్వుడి బొమ్మ తీసుకోండి. ఆ బొమ్మకు పాత నకలు ఒకటి, పాత ముద్రణ ఒకటి, ఈ మధ్యకాలపు ఫొటో ఒకటి, మూడూ ఒకే తెర మీద పెట్టండి. కనుబొమ్మ గీత మూడింటిలోనూ మూడు రకాలుగా ఉందా లేదా అని అడగండి. వేసినవాడి చేతి అలవాటు, అచ్చు వేసిన ప్రెస్ రంగు, కెమెరా లైటు, ఒక్కోదాని గుర్తు ఒక్కోచోట కనబడుతుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా నకళ్ల గ్యాలరీ ఉంది. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లగలిగితే ఈ పాఠం పూర్తవుతుంది.

సైజు: ఒక తాడు, ఒక సుద్దముక్క

తెర మీద అన్నీ ఒకే సైజు. ఫోన్‌లో అయితే అన్నీ అరచేతి సైజు. ఇది చిన్న విషయం కాదు. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. పికాసో గెర్నికా దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, 7.77 మీటర్ల వెడల్పు. నా ప్రొజెక్టర్ తెర మీద మాత్రం రెండూ ఆ తెరలోనే ఇమిడిపోతాయి.

అందుకని గెర్నికా పాఠం గదిలో కాదు, వరండాలో మొదలవుతుంది. కొబ్బరితాడు, టేపు, సుద్దముక్క. ఇద్దరు పిల్లలు తాడు పట్టుకుని 7.77 మీటర్లు కొలుస్తారు. నేలమీద గీత గీస్తారు. ఆ గీత మా రెండు క్లాసురూముల తలుపుల్ని దాటి, మంచినీళ్ల కుండ దాకా వెళ్తుంది. ఆ చివరనుంచి ఈ చివరకు నడవమంటాను. "ఒకేసారి మొత్తం కళ్లలో పట్టదు సార్" అంటారు. అప్పుడు లోపలికి వెళ్లి బొమ్మ చూస్తాం. యుద్ధంలో బాంబులు పడ్డ ఊరి గురించి వేసిన బొమ్మ అంత పెద్దదిగా ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

లేపాక్షికి ఇంకో ఇబ్బంది. వీరభద్రాలయంలో ఆ విజయనగర చిత్రాలు పైకప్పు మీద ఉన్నాయి. మనం వాటిని గోడ మీద బొమ్మల్లాగా నిలువుగా చూపిస్తాం. ఒకసారి ప్రొజెక్టర్‌ను టేబుల్ మీద నాలుగు లావు పుస్తకాలకు ఆనించి, బొమ్మ సీలింగ్ మీద పడేలా పెట్టాను. పిల్లలు చాపలు పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. కిరాతార్జునీయం కథ వరసగా సాగే పట్టీని చదవాలంటే ఎటు తల పెట్టాలో, ఎటు కదలాలో వాళ్లే వాదించుకున్నారు. గుడిలో నడుస్తూ, మెడ పైకెత్తి చూసే మనిషి కోసం వేసిన బొమ్మ అది. ఆ కదలిక లేకుండా కూర్పు అర్థం కాదు. ప్రొజెక్టర్‌కు గాలి ఆడే చోటు మూసుకుపోకుండా చూసుకోండి, వేడెక్కుతుంది.

రంగు

ఒకే బొమ్మను నాలుగు ఫోన్లలో తెరిచి బల్ల మీద వరసగా పెట్టమనండి. నాలుగు ఎరుపులు కనిపిస్తాయి. ప్రొజెక్టర్‌లో అయిదో ఎరుపు. అప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డముక్క నిజమైనది ఒకటి చేతికివ్వండి. కరక్కాయ రసంలో, పాలల్లో నానిన గుడ్డ అది. పటిక గీసిన చోట ఎరుపు పట్టింది, ఇనుముతో పులియబెట్టిన కసిం అనే ద్రావణం గీసిన చోట నలుపు పట్టింది. వాసన చూడమనండి, వేలితో తడమమనండి. రంగు గుడ్డ లోపల ఉంది, పైన లేదు. ఇది ఏ తెరా చెప్పదు. ఒక్క గుడ్డముక్క చాలు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. మీ ఊళ్లో సహజ రంగుల గుడ్డ దొరక్కపోతే తంజావూరు బొమ్మ, ఏటికొప్పాక లక్క బొమ్మ, ఏదైనా ఒక నిజమైన వస్తువు క్లాసులో ఉండాలి. తెర ఒక్కటే ఉన్న కళాచరిత్ర క్లాసు నడపకండి.

చేర్యాల పటం, ఫోన్ తెర

ఇక్కడ మాత్రం ఫోన్ నాకు ఊహించనంత సాయం చేసింది. చేర్యాల నకాషీ పటం గజాల కొద్దీ పొడవు, నిలువుగా సాగుతుంది. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. గడులు గడులుగా కథ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, ఇలా కులానికో కథ, దాన్ని చెప్పే ఆశ్రిత కులం వేరే. కథకుడు పాడుతూ గడి తర్వాత గడి చూపిస్తాడు. అంటే ప్రేక్షకులకు ముందు ఏం రాబోతోందో తెలియదు.

పుస్తకంలో ఆ పటాన్ని మొత్తం ఒక్క పేజీలో ఇరికించి వేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే తెర మీద మొత్తం చూపించాను. ఒక కుర్రాడు గడులన్నీ విడివిడిగా ఫొటోలు తీసి, ఒకదాని కింద ఒకటి అతికించి, నిలువుగా ఒక పొడవాటి బొమ్మగా చేసి ఫోన్‌లో తెచ్చాడు. బొటనవేలితో జరుపుతూ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఫోన్ తెర కూడా నిలువే, జరిపేదీ నిలువుగానే. గడి మారేచోట ఆగాడు, మేము కూడా ఆగాం. పటాన్ని ఒక బొమ్మగా కాకుండా ఒక ప్రదర్శనగా మా క్లాసు అర్థం చేసుకుంది ఆ రోజే. ఆ తర్వాతనుంచి పటం ఎప్పుడూ అలాగే చూపిస్తున్నాను. కథకుల గొంతు రికార్డింగ్ దొరికితే కలపండి, వాళ్ల అనుమతితో.

డ్రాయింగ్ క్లాసు సంగతి

దీనికి నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది. మొదటి సంవత్సరం మొత్తం కాగితం, బొగ్గు, పెన్సిల్. డిజిటల్ పెయింటింగ్ రెండో సంవత్సరంలో. కారణం అన్‌డూ బటన్. గీత తప్పితే వెంటనే చెరిపేసే వీలుంటే చెయ్యి ముందుగా ఆలోచించడం నేర్చుకోదు. బొగ్గుతో గీసిన తప్పు గీత కాగితం మీద మసగ్గా మిగులుతుంది, దాని పక్కన సరైన గీత పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే విద్యార్థి నేర్చుకున్నది.

అయితే ఫోన్‌ను మొదటి రోజునుంచీ రెండు పనులకు వాడిస్తాను. ఒకటి, సగం పూర్తయిన బొమ్మను ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడటం. రంగుల్లో బాగున్నట్టు కనిపించిన బొమ్మ నలుపు తెలుపులో అంతా ఒకే బూడిదరంగు ముద్దగా కనిపిస్తే వెలుగునీడలు తప్పాయని వెంటనే తెలుస్తుంది. రెండు, మోడల్ ఫొటో మీద తన డ్రాయింగ్ ఫొటోను సగం పారదర్శకంగా పెట్టి చూడటం. మోచెయ్యి ఎంత కిందికి జారిందో, తల ఎంత పెద్దదైందో వాడికి నేను చెప్పనక్కర్లేదు. కానీ ఇది బొమ్మ పూర్తయ్యాకే. ముందే పెట్టి ట్రేస్ చేయడానికి అలవాటు పడితే మళ్లీ వదిలించడం కష్టం.

రెండో ఏడాదికి బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్: కంప్యూటర్ ఉంటే క్రిటా, ఫోన్ మాత్రమే ఉంటే ఐబిస్ పెయింట్. క్రిటా పూర్తిగా ఉచితం. రెండింటిలోనూ బొమ్మ వేసే తీరును వీడియోగా రికార్డు చేసే వీలుంది. నేను మార్కులు వేసేది పూర్తయిన బొమ్మకు కాదు, ఆ వీడియో చూసి. బొమ్మ ఎక్కడినుంచో తెచ్చారేమో అన్న అనుమానం, దాని మీద వాదనలు, ఆ టెన్షన్ అంతా దాంతో పోయింది.

ఏఐ అసైన్‌మెంట్లు

నిషేధించడం వల్ల లాభం లేదు, పట్టుకునే సాఫ్ట్‌వేర్లను నమ్మడమూ మంచిది కాదు. ప్రశ్న మార్చాలి. నేను మార్చడానికి కారణమైన సంఘటన చెప్తాను. పైన చెప్పిన అమరావతి ఫలకం మొదటి వైపు గురించి ఒక విద్యార్థిని రెండు పేజీలు చక్కగా రాసుకొచ్చింది. అందులో "మధ్యలో ధ్యానముద్రలో కూర్చున్న బుద్ధుడి ప్రశాంతమైన ముఖం" అని ఉంది. అక్కడ ముఖమే లేదు, ఖాళీ ఆసనం ఉంది. ఆ అమ్మాయిని తిట్టలేదు. బొమ్మ తెర మీద వేసి, ఆ వాక్యం చదివి, "ఎక్కడుందో వేలితో చూపించు" అన్నాను. తెర దగ్గరకు వెళ్లి చాలాసేపు వెతికింది. తర్వాత వెనక్కి తిరిగి "లేదు సార్, నేను చూడలేదు" అంది. మళ్లీ ఎప్పుడూ చూడకుండా రాయలేదు.

ఇప్పుడు నా అసైన్‌మెంట్లు ఇలా ఉంటాయి: ఒక బొమ్మలోంచి జూమ్ చేసి తీసిన అయిదు స్క్రీన్‌షాట్లు, ఒక్కోదాని మీద సొంత చేత్తో చుట్టిన గుర్తు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు, తర్వాత బొమ్మ ముందు నిలబడి మూడు నిమిషాల వైవా. నలభైమందికి వైవా అంటే రెండు మూడు క్లాసులు పడుతుంది. ఆ టైమ్ ఇవ్వండి.

ఏఐ మంచి పనికి ఎలా వాడతారో కూడా చూపించండి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన నైట్ వాచ్ చిత్రాన్ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్ హాల్ గోడకు పట్టడం కోసం నాలుగు వైపులా కత్తిరించేశారు. పోయిన ముక్కల్ని 2021లో ఆ ఊళ్లోని రైక్స్ మ్యూజియం ఏఐ సాయంతో మళ్లీ తయారుచేయించింది. ఎలా? 17వ శతాబ్దంలోనే వేసిన చిన్న నకలు ఒకటి మిగిలి ఉంది కాబట్టి. ఆధారం ఉన్నచోట ఏఐ పనిచేసింది. మరుసటి ఏడాది అదే మ్యూజియం ఆ చిత్రాన్ని 717 గిగాపిక్సెల్ (71,700 కోట్ల చుక్కల) ఫొటోగా నెట్‌లో పెట్టింది, రంగు పొరల పగుళ్లు కూడా కనిపిస్తాయి. బొమ్మ దగ్గరకెళ్లినా మనకు కంటితో అంత కనిపించదు.

ఫైళ్ల గురించి త్వరగా కొన్ని మాటలు

నెట్‌ను నమ్మి క్లాసుకు వెళ్లకండి. నేను ఏళ్ల తరబడి వాడిన ఒక విదేశీ గ్రంథాలయం డిజిటల్ బొమ్మలు ఒక సెమిస్టర్ మధ్యలో ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేశాయి, నెలల తరబడి రాలేదు. అప్పటినుంచి ప్రతి బొమ్మనూ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటున్నాను. ఫైలు పేరులోనే వస్తువు, కాలం, ఎక్కడుంది, సైజు ఎంత అనేవి రాసుకోండి.

పవర్‌పాయింట్ ఫొటోల్ని కుదించేస్తుంది, జూమ్ చేస్తే మసకబారతాయి. సెట్టింగ్స్‌లో ఆ కుదింపు ఆపండి, లేదా బొమ్మను విడిగా తెరవండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది టీచర్లు పిల్లలకు మసక బొమ్మలు పంపుతున్నారు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, క్లీవ్‌ల్యాండ్ మ్యూజియం 2019లో కాపీరైట్ లేని కళాఖండాల ఫొటోల్ని ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా వదిలేశాయి. రెండింటిలోనూ భారతీయ శిల్పాలు, సూక్ష్మచిత్రాలు బోలెడు. మనవాటికి మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ చూడండి, సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంల వస్తువులు ఉన్నాయి. ఫొటో సైజులు అన్నిచోట్లా ఒకేలా ఉండవు, క్లాసుకు ముందే తెరిచి చూసుకోండి. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. క్లాసులో చూపించడం వేరు, కాలేజీ యూట్యూబ్ ఛానల్‌లో పెట్టడం వేరు.

నెట్‌లో లేనివి

నాకు బాగా దిగులు కలిగించే విషయం ఇదే. దొరికే బొమ్మల్ని బట్టి పాఠం తయారుచేసుకుంటే, మనకు తెలియకుండానే సిలబస్ అంతా పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ అయిపోతుంది. వాన్‌గో కుంచె గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన మన దామెర్ల రామారావు చిత్రాన్ని అంత దగ్గరగా చూపిద్దామంటే నాకు తగిన ఫైలు దొరకలేదు. ఆయన పేరున రాజమండ్రిలో గ్యాలరీ ఉంది, అక్కడికే వెళ్లాలి. మేము వెళ్తాం. ఒక్కో విద్యార్థికి ఒక్కో చిత్రం: కొలతలు, పెన్సిల్ నకలు, ఒక పేజీ వర్ణన. ఫొటోలకు ముందుగా అనుమతి అడుగుతాం, ఇవ్వకపోతే పెన్సిలే.

మీ చుట్టుపక్కల కూడా అలాంటివి ఉంటాయి. ఊరి పొలిమేరలో వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), పాత గుడి స్తంభం, సినిమా బ్యానర్లు రాసిన పెద్దాయన ఇల్లు. వీరగల్లుకు ఫోన్‌తోనే త్రీడీ మోడల్ చేయించవచ్చు: మబ్బు పట్టిన రోజు, రాయి చుట్టూ తిరుగుతూ అరవై, ఎనభై ఫొటోలు, ఒక్కో ఫొటో ముందుదానిమీద సగానికి పైగా కలిసేలా. మెరిసే నల్లరాయికి ఇది సరిగా రాదు. చీకటిపడ్డాక టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే పగలు కనిపించని గీతలు, అక్షరాలు తేలతాయి. దాన్నీ ఫొటో తీయించండి. రాయిని తడపడం, సుద్ద రుద్దడం మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకండి. రక్షిత కట్టడమైతే ట్రైపాడ్ పెట్టేముందు అక్కడి అధికారిని అడగండి. పూజలో ఉన్న రాయైతే ఊరివాళ్లను అడగండి.

మీ క్లాసు ఎప్పుడు మొదలవుతుందో, మీది ఏ జిల్లాయో రాయండి. దగ్గర్లో పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోట్లు నాకు తెలిసినవి చెప్తాను, అమరావతి ఫలకం రెండు వైపుల ఫొటోలు ఎక్కడ పెద్దవి దొరుకుతాయో కూడా. ఈలోపు కర్టెన్ల ఉత్తరం పెట్టేయండి. తాడు ఎనిమిది మీటర్లకు తక్కువ కాకుండా కొనండి.